ఓడిన్ పేరు చెప్పి ఒంటిమీద ఏం పొడుస్తున్నారు? టాటూ స్టూడియోలకు, డిజైనర్లకు బహిరంగ లేఖ

హైదరాబాద్, వరంగల్, విజయవాడ, విశాఖ, తిరుపతి నగరాల్లో టాటూ స్టూడియోలు నడుపుతున్నవారికి, టీషర్టులు, లాకెట్లు, బైకు స్టిక్కర్లు చేసి అమ్ముతున్న డిజైనర్లకు,

నమస్కారం. మీ చేతి పనితనం మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. ఫిర్యాదల్లా మీ కేటలాగుల్లో 'వైకింగ్' అనే శీర్షిక కింద చేరిన బొమ్మల గురించే. తప్పులు ఎక్కడున్నాయో బొమ్మలతో సహా చూపిస్తూ కొందరికి విడిగా రాశాం. చాలామంది చదివి ఊరుకున్నారు. జవాబిచ్చిన కొద్దిమందీ 'కస్టమర్ అడిగింది వేస్తాం, చరిత్ర మా పని కాదు' అన్నారు. అందుకే ఇప్పుడు అందరికీ కలిపి, అందరి ముందూ రాస్తున్నాం.

ఆ ఒక్క శీర్షిక కింద మూడు కాలాల సరుకు కలిసిపోయి ఉంది. మొదటిది వైకింగుల (పాతకాలపు స్కాండినేవియా ఓడ యోధుల) కాలంలో, అంటే సుమారు 790 నుంచి 1066 దాకా, అంతకు కొన్ని శతాబ్దాల ముందూ రాయి మీద, చెక్క మీద, వెండి బంగారాల మీద చెక్కినది. రెండోది ఐస్‌లాండ్ క్రైస్తవంలోకి మారి ఆరు వందల ఏళ్లు దాటాక అక్కడి మంత్రాల పుస్తకాల్లో గీసుకున్నది. మూడోది 20వ శతాబ్దంలో ఆస్ట్రియా, జర్మనీలలో పుట్టి నాజీల యూనిఫాముల మీదికి ఎక్కినది. మొదటి రెండూ కలిసిపోతే పోయేది మీ మాట మీద నమ్మకం. మూడోది కలిస్తే ఇబ్బంది పడేది ఆ పచ్చబొట్టు మోసే మనిషి.

1. 'వైకింగ్ దిక్సూచి' వైకింగులది కాదు.

వెగ్‌వీసిర్ అనే ఎనిమిది చేతుల గుర్తు 1860లో ఐస్‌లాండ్‌లోని అకురేరీలో గేర్ విగ్‌ఫుస్సన్ రాసిపెట్టుకున్న 'హుల్డ్' అనే చేతిరాత పుస్తకంలో కనిపిస్తుంది. తెలియని దారైనా సరే, దీన్ని వెంట ఉంచుకున్నవాడు గాలివానలో దారి తప్పడని పక్కనే రాసి ఉంది. వైకింగుల కాలం ముగిసి అప్పటికి దాదాపు ఎనిమిది వందల ఏళ్లు. చుట్టూ రూన్ అక్షరాల (ఉత్తర ఐరోపా పాత లిపి) వలయం వేసి అమ్ముతున్నారే, అది ఆ పుస్తకంలో లేదు, ఈ కాలంలో తగిలించింది. గుర్తు అందంగా ఉంది, వేయండి. 'ఐస్‌లాండ్ మంత్రాల పుస్తకం, 19వ శతాబ్దం' అని చెప్పి వేయండి.

పనిలో దొర్లే పొరపాటు మరొకటుంది. వెగ్‌వీసిర్‌లో ఎనిమిది చేతుల చివర్లు ఎనిమిది రకాలుగా ఉంటాయి. ఎనిమిదీ ఒకేలా ఉంటే అది ఏగిష్‌హ్యాల్మర్, అంటే భయపెట్టే శిరస్త్రాణం. ఆ పేరు పాత కవితల్లో ఉంది, ఎనిమిది చేతుల బొమ్మ మాత్రం బాగా తరవాతి కాలపు పుస్తకాలది. సీసంతో చేసి కనుబొమల మధ్య ఒత్తుకోమని ఐస్‌లాండ్ జానపదుల నమ్మకం, మనం బొట్టు పెట్టుకునే చోటే. స్టెన్సిల్ గీసేటప్పుడు ఒక చేయి గీసి ఏడుసార్లు తిప్పి అతికిస్తే ఒక గుర్తు పేరుతో ఇంకోటి వేసినట్టే. పైగా మణికట్టు మీద రెండంగుళాల్లో వేస్తున్నారు. ఆ చిన్న అడ్డగీతలు కొన్నేళ్లకు ఇంకు పాకి కలిసిపోయి ఎనిమిది నల్ల చీపుళ్లు మిగులుతాయి. ముంజేతి మీదో భుజం మీదో నాలుగంగుళాలకు తగ్గకుండా వేస్తేనే గీత నిలుస్తుంది.

2. మూడు త్రిభుజాల ముడి.

దీన్ని వాల్‌క్‌నుట్ అంటున్నారు. గుర్తు పాతదే, పేరే కొత్తది. స్వీడన్‌లోని గాట్లాండ్ దీవి చిత్రశిలల మీద, నార్వేలో 834లో పూడ్చిన ఓసెబర్గ్ ఓడ సమాధి వస్తువుల మీద ఇది ఉంది. స్టోరా హమ్మర్స్ శిల మీద దీనికి పక్కనే ఒక బలి దృశ్యం కూడా ఉంది. అందుకే పండితులు దీన్ని వైకింగుల పెద్దదేవుడు ఓడిన్‌తో ముడిపెడతారు. అంతేగానీ 'ఇది ఓడిన్ గుర్తు' అని రాసిన పాత గ్రంథం ఒక్కటీ లేదు. గీసేటప్పుడు గీతలు ఆరు చోట్ల ఒకదాన్నొకటి దాటుతాయి. ప్రతి త్రిభుజం గీత ఒకసారి పైనుంచి, మరుసారి కిందనుంచి వెళ్లాలి. అది తప్పితే ముడి పోతుంది, మూడు త్రిభుజాలు ఒకదానిమీద ఒకటి పరిచినట్టు ఉంటుంది. మీ కేటలాగుల్లో సగం ఇలా పరిచినవే.

3. రూన్ అక్షరాల్లో పేర్లు.

ఎక్కువమంది డబ్బు పోసి తప్పు కొనుక్కుంటున్నది ఇక్కడే. కాస్త వివరంగా చెప్పాలి.

మీరు 'వైకింగ్ లిపి' అని వేసే 24 అక్షరాల వరస వైకింగులకు ముందుకాలానిది. గాట్లాండ్‌లో దొరికిన క్యుల్వర్ రాయి మీద, సుమారు 400 ప్రాంతంలో, ఆ వరస మొత్తం చెక్కి ఉంది. వైకింగులు వాడింది 16 అక్షరాల పొట్టి వరస. అందులో త, ద లకు ఒకటే అక్షరం. క, గ లకు ఒకటే. ప, బ లకు ఒకటే. ఆ లిపిలో 'గీత' అని చెక్కితే 'కీద' అని కూడా చదువుకోవచ్చు. కాబట్టి మన పేర్లకు 24 అక్షరాల వరసే నయం, కానీ దాన్ని వైకింగులకు అంటగట్టకండి.

అసలు తప్పు మార్పిడి సైట్లది. పేరును ఇంగ్లిష్ స్పెల్లింగులో కొడితే అక్షరానికి అక్షరం పెట్టి ఇస్తాయి. 'చరణ్'లో సి కి ఒకటి, హెచ్ కి ఒకటి పడి, రూన్లు చదవగలిగినవాడికి అది 'క్‌హరన్' అవుతుంది. జె కి పెట్టే యేరా రూన్ పలుకు 'య', అందుకని జ్యోతి కాస్తా 'య్యోతి' అవుతుంది. రూన్లు స్పెల్లింగుకు కాదు, పలుకుకు పుట్టినవి. చ, జ, శ, ళ లాంటి ధ్వనులకు అందులో అక్షరాలే లేవు. దగ్గరి పలుకు ఏదో కస్టమర్‌కు చెప్పి, ఒప్పుకున్నాకే వేయాలి.

ఇందులో అన్నిటికన్నా ప్రమాదకరమైనది మనదైన ఒక అలవాటులోంచి వస్తోంది. న్యూమరాలజీ కోసం పేరులో అదనంగా ఇంకో ఎస్ చేర్చుకునేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. తేజస్, యశస్వి లాంటి పేర్లు అలా రెండు ఎస్‌లతో వస్తే, సైటు 'స' పలికే సోవిలో రూన్లను రెండిటిని పక్కపక్కన నిలబెట్టి ఇస్తుంది. మెరుపుల్లాంటి రెండు గీతలు. చూసిన యూరప్ మనిషికి అది పేరు కాదు, హిట్లర్ ఎస్‌ఎస్ దళం కాలరు గుర్తు. దీనికి మందు పాత చెక్కుడువాళ్ల దగ్గరే ఉంది: ఒకే అక్షరం రెండుసార్లు వస్తే వాళ్లు సాధారణంగా ఒక్కసారే చెక్కేవాళ్లు. మీరూ ఒక్కసారే వేయండి. రూన్ల పద్ధతీ దక్కుతుంది, మనిషీ దక్కుతాడు.

స్టెన్సిల్ తిరగబడి పేరు కుడి నుంచి ఎడమకు వచ్చిందని ఒక స్టూడియో కస్టమర్‌కు డబ్బు వాపసు ఇచ్చిందట. నిజానికి అది తప్పే కాదు, పాత శాసనాలు రెండు వైపులా నడుస్తాయి. తప్పు కానిదానికి వాపసు, తప్పుకేమో వారంటీ!

రెండు రూన్లను కలిపి ఒకటిగా వేయాలంటే నమూనా మీ జేబులోనే ఉంది. ఫోన్‌లోని బ్లూటూత్ గుర్తు, డెన్మార్క్ రాజు హారాల్డ్ బ్లూటూత్ పేరులోని హ, బ రూన్లను ఒకే నిలువుగీతకు కట్టిన ముడి. మొదటి అక్షరాలు రెండు అడిగినవాళ్లకు అలా కట్టివ్వండి.

4. మూడో అరలోని సరుకు.

వియన్నాకు చెందిన గైడో వాన్ లిస్ట్ 1902లో కంటి ఆపరేషన్ అయ్యాక నెలల తరబడి కళ్లకు కట్టుతో ఉండి, ఆ చీకట్లో 18 రూన్లు తనకు స్ఫురించాయని ప్రకటించాడు. సోవిలో రూన్ పేరుకు అర్థం సూర్యుడు. లిస్ట్ దాన్ని 'జిగ్', అంటే విజయం అని మార్చాడు. ఎస్‌ఎస్ కాలరు మీదికి ఎక్కింది ఆ జిగ్ రూనే. 'జీవ రూన్', 'మరణ రూన్' అని జంటగా అమ్ముతున్నవీ ఆ కాలపు ఊహలే. ఒకే అక్షరాన్ని నిటారుగా, తలకిందులుగా వేసి నాజీలు పుట్టిన తేదీకి, చనిపోయిన తేదీకి గుర్తులుగా వాడారు. తాతగారి జనన మరణ తేదీల పక్కన దీన్ని వేయించుకున్న మనవడికి ఈ సంగతి ఎవరు చెప్పారు?

'నల్ల సూర్యుడు' పేరుతో మీరు వేసే పన్నెండు వంకర కిరణాల చక్రం ఏ వైకింగ్ సమాధిలోనూ దొరకలేదు. జర్మనీలోని వెవెల్స్‌బర్గ్ కోటను ఎస్‌ఎస్ అధిపతి హిమ్లర్ తన దళం కోసం మార్పించినప్పుడు ఉత్తర బురుజు గది నేలలో పొదిగిన బొమ్మ అది. పాత సూర్యచక్రాల పోలిక కొంత ఉన్నా, ఈ రూపం పుట్టింది అక్కడే. 'వుల్ఫ్‌సాంగెల్' రూనే కాదు, తోడేళ్లను పట్టే ఇనుప కొక్కెం. జర్మన్ ఊళ్ల చిహ్నాల్లో ఉండేది, తరవాత ఎస్‌ఎస్ డివిజన్ గుర్తయింది. మీ దగ్గర అది 'తోడేలు బలం' పేరుతో జిమ్ కుర్రాళ్ల భుజాలకెక్కుతోంది.

ఓథలా రూన్ నిజంగా పాతది. అర్థం పిత్రార్జితం, తాతల నాటి భూమి. కాళ్లు నేరుగా కిందికి దిగితే అది పాత శాసనాల అక్షరం. కాళ్ల చివర్లు రెక్కల్లా పైకి మడిస్తే అది నాజీల కాలపు రూపం. 1994లో జర్మనీ నిషేధించిన వైకింగ్ యూగెండ్ అనే నియో నాజీ యువజన సంస్థ చిహ్నం ఈ ఓథలాయే. 2016లో అమెరికాలోని ఒక నాజీ పార్టీ స్వస్తిక తీసేసి దీన్ని పెట్టుకుంది. మీ కేటలాగులో దీనికింద 'ఫ్యామిలీ' అని రాసి ఉంది.

ఇక సామాన్యుడికి ఏమవుతుందంటారా? జర్మనీ శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ ప్రకారం, నిషేధించిన సంస్థల చిహ్నాలను బహిరంగంగా ప్రదర్శిస్తే మూడేళ్ల దాకా జైలు లేదా జరిమానా. ఒంటిమీది పచ్చబొట్టు నలుగురికీ కనబడితే అదీ ప్రదర్శనే. జంట జిగ్‌లే కాదు, ఒంటరి జిగ్ రూన్ కూడా నాజీ బాలల దళం గుర్తుగా ఈ పరిధిలోకి వస్తుంది. నల్ల సూర్యుడి మీద ఇలాంటి నేరుగా నిషేధం లేదు, కానీ పార్ట్‌టైమ్ ఉద్యోగం ఇచ్చేవాడికి, పక్కగదిలో ఉండేవాడికి అదేమిటో తెలుసు. మన పిల్లలు ఎమ్మెస్‌కు మ్యూనిక్, ఆఖెన్, బెర్లిన్ వెళ్తున్నారు. అక్కడ వేసవిలో పొట్టి చేతుల చొక్కాతో ట్రాము ఎక్కాలి, ఈతకొలనుకు వెళ్లాలి, గిడ్డంగిలో పెట్టెలు మోయాలి. 'తెలియక వేయించుకున్నాను' అని విచారణలో నెగ్గుకు రావచ్చేమో. చదువు కోసం అప్పు చేసి వెళ్లిన పిల్లాడికి ఆ విచారణ దాకా వెళ్లడమే శిక్ష.

5. స్వస్తిక్ సంగతి.

గడపకు పసుపు రాసి, కొత్త లెక్కల పుస్తకం మొదటి పేజీలో కుంకుమతో స్వస్తిక్ వేసే మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఈ గుర్తు ఉత్తర ఐరోపాలోనూ పాతదే. డెన్మార్క్‌లోని స్నోల్డెలెవ్ రూన్ రాయి మీద ఉంది, బంగారు బిళ్లల మీద ఉంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2022లో నాజీ గుర్తును నిషేధిస్తూ హిందూ, బౌద్ధ, జైన మత వాడకానికి మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు పనిచేయాలంటే చూసేవాడికి అది మతచిహ్నమని తెలియాలి కదా. నల్ల ఇంకుతో, వాలుగా తిప్పి, తెల్ల వలయంలో పెట్టి, చుట్టూ రూన్లు పేర్చి ఇచ్చే 'ఆర్యన్ ఫ్యూజన్' డిజైన్ మన గుర్తును మన చేతులతోనే వాళ్లకు అప్పగిస్తోంది. స్వస్తిక్ కావాలన్నవాళ్లకు నిటారుగా, నాలుగు చుక్కలతో, పక్కన శ్రీకారమో ఓంకారమో పెట్టి వేయండి. రూన్లతో కలపకండి.

'థార్ అంటే మన ఇంద్రుడే' అని టీషర్టు మీద అచ్చేసే పోలికల గురించి కూడా ఒక మాట. పోలిక పూర్తిగా గాలిమాట కాదు. వైకింగుల ఉరుముల దేవుడు థార్ పేరు, సంస్కృతంలో ఉరుముకు వాడే 'స్తనయిత్ను' ఒకే ధాతువు నుంచి వచ్చినవి. ఒంటిచేతి దేవుడు త్యూర్ పేరుకు మూలమైన 'తివాజ్', మన 'దేవ' శబ్దమూ ఒకే మూలానివి. జర్మనీలోని మెర్సెబర్గ్ చర్చి గ్రంథాలయంలో 1841లో దొరికిన మంత్రంలో ఓడిన్ తన కొడుకు బాల్డర్ గుర్రం బెణికిన కాలిని 'ఎముకకు ఎముక, నెత్తురుకు నెత్తురు' అంటూ అతికిస్తాడు. అథర్వవేదం నాలుగో కాండలో మజ్జను మజ్జతో, చర్మాన్ని చర్మంతో కలిపే మంత్రం ఉంది. భాషాకుటుంబం ఒకటైతే మాటలు కలుస్తాయి. అంతమాత్రాన థార్ సుత్తి ఇంద్రుడి వజ్రాయుధం అయిపోదు. కొమ్ముల శిరస్త్రాణమైతే అసలు పోలికకే పనికిరాదు. అది 1876లో జర్మనీలోని బైరాయిట్‌లో సంగీతకర్త వాగ్నర్ సంగీత నాటకాలకు డోప్లర్ రూపొందించిన వేషాలతో జనంలోకి వెళ్లింది. నార్వేలో గ్యెర్ముండ్‌బు దగ్గర 1943లో దొరికిన అసలు వైకింగ్ శిరస్త్రాణానికి కొమ్ముల్లేవు.

వద్దన్నవి ఎన్నో చెప్పాం, వేయదగ్గవీ ఉన్నాయి. థార్ సుత్తి లాకెట్లు వెయ్యికి పైగా దొరికాయి. 2014లో డెన్మార్క్‌లోని కోబెలెవ్ దగ్గర దొరికిన చిన్న సుత్తి మీద రూన్లలో 'ఇది సుత్తి' అని రాసి ఉంది, అనుమానం లేకుండా! అదే దేశంలో ట్రెండ్‌గోర్డెన్ దగ్గర దొరికిన మెత్తరాతి అచ్చులో ఒకే రాయికి సుత్తి, సిలువ రెండూ పోసుకునే గుంటలున్నాయి. ఆ కంసాలి ఏ గిరాకీ వచ్చినా కాదనలేదు, మీకు బాగా అర్థమయ్యే మనిషే. సుత్తి వేసేటప్పుడు పిడి పొట్టిగా వేయండి. కొలిమి తిత్తి ఊదే మరుగుజ్జు కనురెప్పను 'లోకి' అనే మాయావి దేవుడు ఈగ రూపంలో వచ్చి కుట్టడం వల్లే అది పొట్టిదైందని కథ. గాట్లాండ్ చిత్రశిలల మీది ఎనిమిది కాళ్ల గుర్రం, ఐస్‌లాండ్ నేషనల్ మ్యూజియంలో గడ్డం పట్టుకు కూర్చున్న, ఏడు సెంటీమీటర్లు కూడా లేని కంచు బొమ్మ, ఓడిన్ భుజాల మీది రెండు కాకులు హుగిన్, మునిన్: దేన్ని తీసుకున్నా భుజం మీద అద్భుతంగా కూర్చుంటుంది. డెన్మార్క్‌లోని విండెలెవ్‌లో 2020లో దొరికిన బంగారు బిళ్ల మీద ఓడిన్ పేరును 2023లో చదివారు. ఇప్పటిదాకా దొరికినవాటిలో ఆ పేరు ఉన్న అతిపాత రాత అదే, 5వ శతాబ్దం తొలినాళ్లది.

ఈ దేవుళ్లను ఇప్పుడూ కొలిచేవాళ్లున్నారు. ఐస్‌లాండ్‌లో 1972లో మొదలైన ఆసాత్రూ సంఘానికి మరుసటి ఏడాదే ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. అమెరికా ప్రభుత్వం 2013లో మాజీ సైనికుల సమాధి ఫలకాల మీద థార్ సుత్తిని అనుమతించింది. జాతి ద్వేషులు తమ గుర్తుల్ని ఎత్తుకుపోతున్నారని ఐస్‌లాండ్ వాళ్లు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు. స్వస్తిక్ విషయంలో మనం పడే బాధే అది.

మేం కోరేవి ఇవి.

1. కేటలాగులో ప్రతి గుర్తు కింద ఎక్కడ, ఎప్పుడు, దేనిమీద దొరికిందో ఒక్క వాక్యం రాయండి. రాయలేకపోతే 'కొత్త డిజైన్' అనండి, తప్పేం లేదు.

2. జిగ్ రూన్ ఒంటరిగానైనా జంటగానైనా, వుల్ఫ్‌సాంగెల్, నల్ల సూర్యుడు, కాళ్లు మడిచిన ఓథలా: వీటిని కేటలాగు నుంచి తీసేయండి. కస్టమర్ పట్టుబట్టినా వేయకండి.

3. త్యూర్ రూన్, నేరుకాళ్ల ఓథలా పాత అక్షరాలే. కానీ త్యూర్ రూన్‌ను స్కాండినేవియాలో ఒక నాజీ సంస్థ తన జెండా మీద పెట్టుకుంది. ఒంటరిగా వేయమంటే ముందు ఈ విషయం చెప్పి, కన్సెంట్ ఫారంలో 'నాకు వివరించారు' అనే గడి పెట్టి సంతకం తీసుకోండి. మాటలో ఒక అక్షరంగా వస్తే ఇబ్బంది లేదు.

4. రూన్లలో పేరు అడిగితే సైటు తెరవకండి. పేరును కస్టమర్ చేత పైకి పలికించి, పలుకును బట్టి రాయండి. స్టెన్సిల్ ఫొటో ఇంటికి పంపి ఒక రోజు ఆగి వేయండి.

5. మీ చేతుల మీదుగా ఇప్పటికే వేసినవాటికి కవరప్ (పాత బొమ్మను కప్పేలా కొత్తది వేయడం) ఉచితంగా చేయండి. మడతకాళ్ల ఓథలా కాళ్లను అల్లికలో కలిపేస్తే సరిపోతుంది. జంట జిగ్‌ల మధ్య ఖాళీని కూడా నింపాలి, లేకపోతే రెండు మెరుపులూ కింద నుంచి తొంగిచూస్తూనే ఉంటాయి. నల్ల సూర్యుడి మీద మండలం వేస్తే కిరణాల వంపులన్నీ నల్లగా మూసుకుపోవాలి. లేజర్‌తో తీయించాలంటే ఆరు సెషన్లకు తక్కువ కాదు, సెషన్‌కూ సెషన్‌కూ మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు, అంటే ఏడు నుంచి తొమ్మిది నెలలు. జర్మనీలో చలికాలపు సెమిస్టర్ అక్టోబరులో మొదలవుతుంది. వీసా చేతికొచ్చాక పరుగెత్తుకొచ్చే పిల్లలకు లేజర్‌కు టైముండదు. వాళ్ల అపాయింట్‌మెంట్లు ముందు వేయండి.

ఇట్లు,
ఉత్తర ఐరోపా పురాగాథలు, రూన్ లిపులు చదివే తెలుగువాళ్లం